18 దాటితే ఇంట్లో కూర్చోవాల్సిందేనా?

బుద్ధిమాంద్యం, ఆటిజం ఉన్న పిల్లలు 18 దాటాక మన విజయవాడలో పని నేర్చుకుందామంటే సరైన చోటు దొరకడం గగనమైపోతోంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉచిత చదువు 18 ఏళ్ల దాకే ఉంది, సర్కారు కొలువుల్లో వీళ్లూ ఇంకొన్ని వైకల్యాల వాళ్లూ కలిపి 1 శాతం అన్నారు, బానే ఉంది, కానీ పని నేర్పకుండా ఆ 1 శాతం ఏం చేసుకుంటారండీ? మా పటమటలో ఒక కుర్రాడికి కొవ్వొత్తులు, కాగితం కవర్లు చేయడం వచ్చు, అదే రైతుబజార్లో వంద నోటిచ్చి చిల్లర లెక్క చూసుకోమంటే రాదు, ఒక్కడూ సిటీ బస్సెక్కలేడు, అమ్మ వెంట ఉండాల్సిందే. అదే బీసెంట్ రోడ్డులో ఒక బట్టల షాపాయన ఇలాంటి అమ్మాయికే చీర మడతపెట్టే వరస బొమ్మలుగా గోడకి అంటించి ఓపిగ్గా చూపించాడు, ఇప్పుడా అమ్మాయి మడత చూస్తే ఇస్త్రీ చేసినట్టే ఉంటుంది. కాబట్టి కలెక్టర్ గారు, నగరపాలక సంస్థ కలిసి షాపుల్లో, ఆటోనగర్ షెడ్లలో పని చోటే శిక్షణ పెట్టించాలి, మొదట్లో పక్కనే ఉండి నేర్పే మనిషిని ఇచ్చి మెల్లగా తప్పించాలి, నేర్చుకున్నన్నాళ్లూ స్టైపెండ్ ఇవ్వాలి, బస్సు ఎక్కడం, డబ్బు లెక్క, ఫోన్లో సాయం అడగడం కూడా అందులోనే నేర్పాలి.

– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ