బాపు బల్ల మీద గీతలు

సిరొంచ

మల్లేశం,

అంతా మంచేనా? అమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లుంది? ఇక్కడ మేమంత బాగున్నం.

మొన్న ఫోన్‌ల నువ్వన్న మాట కాన్నుంచి నా మనసు మనసుల లేదు. మీ బాపు బల్ల నిండ గీతలు పడ్డయని పైన సన్‌మైకా అంటిస్తనంటివి. వద్దురా, నీకు దండం పెడ్త. సన్‌మైకా అంటించేటోడు ముందుగాల పాలిష్ గీకి పారేసి గమ్ము పూస్తడు. రేపు తీసేద్దామన్నా కట్టె మునుపటి లెక్క ఉండదు. అది ఆలపల్లి దిక్కు అడవుల టేకు. 2023ల అయోధ్య గుడి తలుపులకు బల్లార్షా డిపో నుంచి పోయిన టేకు ఈ చంద్రపూర్, గడ్చిరోలి అడవులదే. అసొంటి కట్టెను ప్లాస్టిక్ రేకు కింద దాస్తవా?

ముందుగాల గీత మీద గోరు అడ్డంగ గీసి చూడు. గోరు గీతల చిక్కకపోతే దెబ్బ పాలిష్‌కే తాకింది, కట్టెకు కాదు. చిక్కితే లోపలికి దిగినట్టు.

ఆ తర్వాత బల్ల అడుగున ఎవలకూ కనవడని చోట దూదితోని ఒక్క చుక్క స్పిరిట్, అదే వడ్లోళ్ళు పాలిష్‌ల కలిపేది, పెట్టు. నిమిషం ఆగి వేలితోని ముట్టు. జిగటగ అంటుకుందంటే అది చపడా, అంటే లక్క పాలిష్. మన మోదుగ చెట్ల కొమ్మలకు పట్టే లక్క పురుగు ఇచ్చేదే అది. బాపు కాలం బల్ల కాబట్టి అదే అయి ఉంటదని నా నమ్మకం. చపడా గుణమే వేరు మల్లేశం! కొత్త పూత పడంగనే పాతది కొంచెం కరిగి దాంట్లనే కలిసిపోతది, అతుకు కనవడదు. ఇప్పటి మెలమైన్, పీయూ పాలిష్‌లకు ఆ గుణం లేదు.

మా వడ్లాయన చేసేది దగ్గర కూసొని చూసిన. 100 గ్రాముల చపడా పలుకులు అర లీటర్ స్పిరిట్‌ల వేసి, గాజు సీసాల రాత్రంత నానవెట్టి, గుడ్డల వడగడ్తడు. ఇనుప డబ్బాల పొయ్యనియ్యడు, రంగు నల్లవడ్తదట. దూదిని పాత నూలు బట్టల ఉండ కట్టి, దాన్ని తడిపి, కట్టె నార పోయిన దిక్కే ఒకటే ఊపుల ఈ కొస నుంచి ఆ కొసకు తీస్తడు. నడుమ చెయ్యి ఆగనే ఆగదు. ఆగితే ఉండ అంటుకొని పూత లేస్తది. ఒక పూత ఆరినంకనే ఇంకోటి. పైపై గీతలు దాంతోనే మాయమైతయ్.

లోతు గీతలకు చిక్కటి చపడాల గేరు అనే ఎర్రమట్టి, పసుపు మట్టి కలిపి, కట్టె రంగుకు తెచ్చి, సన్న కుంచెతోని గీతల్నే నింపాలె. ఆరినంక 400 నంబర్ ఉప్పు కాగితంతోని మెల్లగ రుద్ది, పైన పూత. రంపపు పొట్టు ఫెవికాల్‌ల కలిపి కూరుతనని ఎవరన్న వస్తే వద్దను, ఫెవికాల్ మీద పాలిష్ రంగు పట్టదు, మచ్చ అట్లనే ఉంటది.

సొట్ట అంటే గీత కాదు, అక్కడ నార తెగలే, అణిగింది అంతే. స్పిరిట్‌తోని ఆ జాగల పాలిష్ తీసి, తడి గుడ్డ పరిచి, వేడి ఇస్త్రీ పెట్టె జరసేపు ఆనిస్తే ఆవిరికి నార ఉబ్బి పైకొస్తది. చాయ గ్లాసుల తెల్ల గుండ్రాలు పాలిష్‌ల చిక్కిన తేమ. స్పిరిట్ వాసన తగిలిందా అన్నట్టు తడిసిన గుడ్డతోని ఒక్కసారి తుడిస్తే చాలు.

ముసురు పట్టిన రోజు మాత్రం పాలిష్ ముట్టకు, గాలిల తేమకు పూత తెల్లగైతది. స్పిరిట్ సీసా పొయ్యి దగ్గర పెట్టకు, పిల్లలు జాగ్రత్త.

2022ల ప్రాణహిత పుష్కరాలకు వచ్చినప్పుడు మా అర్రల నువ్వు కూసున్న కుర్చీ ఉన్నది సూడు, దాని చేతికి పొడుగు గీత ఉండె. ఈసారి వచ్చినప్పుడు ఎక్కడుందో ఎతుకు.

స్పిరిట్ చుక్క పెట్టి చూసి ఫోన్ చెయ్యి. చపడా అయితే పలుకులు నేనే తెస్త, ఇద్దరం కలిసి చేద్దాం. సన్‌మైకా ఆయనకు మాత్రం ఇయ్యాల్నే వద్దని చెప్పు.

నీ
సదానందం