పక్షవాతం రోగికి మింగడం మళ్ళీ నేర్పే మనిషి కావాలి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పక్షవాతం వస్తే నాలుగున్నర గంటల్లోపు ఆస్పత్రికి చేర్చాలని, మెదడు రక్తనాళంలోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉందని ఇప్పుడు జనానికి కొంత తెలిసింది. సంతోషం. ప్రాణం నిలబడ్డాక మొదటి గుక్క నీళ్ళు పట్టొచ్చో లేదో ఎవరు చూడాలి? ఈ ఉత్తరం దాని గురించే.

పక్షవాతం (స్ట్రోక్) వచ్చినవాళ్ళలో దాదాపు సగం మందికి మొదటి రోజుల్లో మింగుడు సరిగా పడదు. చెయ్యీ కాలూ పడిపోయినట్టే గొంతు కండరాలూ పట్టు తప్పుతాయి. మా అమ్మను విజయవాడలో ఒక ఆస్పత్రిలో చేర్చాం. మర్నాడు సాయంత్రం వార్డులో సిస్టర్ "మెలకువగానే ఉన్నారుగా, కాస్త కాఫీ పట్టండి" అంది. అమ్మ తాగింది. దగ్గలేదు, పొలమారలేదు. గొంతు మాత్రం గరగరలాడింది. తర్వాత జ్వరం, ఎక్స్‌రేలో నిమ్ము. పొలమారితే మాడు మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అనుకుంటాం. పొలమారకుండానే కాఫీ ఊపిరితిత్తుల్లోకి పోతుందని ఇంట్లోవాళ్ళకు ఎలా తెలుస్తుంది? ఆస్పత్రికి తెలియాలి.

ముక్కుకు గొట్టం వేసి ఇంటికి పంపారు. అందులో ఏం పొయ్యాలో రాసిచ్చారు, దాన్ని వదిలించుకునే దారి మాత్రం ఎవరూ చెప్పలేదు. తెలిసినవాళ్ళ ద్వారా ఒక స్పీచ్ థెరపిస్టు దొరికింది. మాటే కాదు, మింగడం నేర్పేదీ వాళ్ళే. ఆ అమ్మాయి అమ్మను నిటారుగా కూర్చోబెట్టి, చెంచా చివర కాస్త గట్టి పెరుగు పెట్టి, గొంతు మీద రెండు వేళ్ళు ఆనించి "గట్టిగా మింగండమ్మా" అనేది. వేళ్ళ కింద గొంతు పైకి లేచిందో లేదో చూసేది. మళ్ళీ ఒకసారి ఉత్తినే మింగించి, "ఆ" అనిపించి, గొంతు తేటగా పలికితేనే రెండో చెంచా. మంచినీళ్ళు, మజ్జిగ, చారు లాంటి పల్చటివే ఎక్కువ ప్రమాదమట, గొంతు మూసుకునేలోపే జారిపోతాయి. తిన్నాక ఓ అరగంట పడుకోబెట్టకూడదు. నోరు శుభ్రంగా లేకపోతే ఆ క్రిములే నిమ్ము తెచ్చిపెడతాయి. గడ్డం కిందికి దించి మింగడం ఒకరికి మేలు చేస్తే ఇంకొకరికి చెయ్యదు. కాబట్టి యూట్యూబ్ చూసి చేసుకునే పని కాదిది. అవసరమైతే బేరియం తాగించి తీసే ఎక్స్‌రేతోనో, ముక్కులోంచి పంపే సన్నటి కెమెరాతోనో చూసి తేల్చాలి.

ఇప్పుడు అమ్మకు గొట్టం లేదు. మెత్తగా కలిపిన పప్పన్నం నోటితోనే తింటోంది. ఫీజు పెట్టుకోగలిగాం కాబట్టి సరిపోయింది. పల్నాడు నుంచి, బాపట్ల నుంచి గుంటూరు ప్రభుత్వ పెద్దాస్పత్రి జీజీహెచ్‌కు వచ్చే కూలి కుటుంబం ఎవర్ని వెతుక్కుంటుంది?

మంచం దగ్గరే చెంచాలతో నీళ్ళు పట్టి, దగ్గు, గొంతు మార్పు గమనించే పరీక్షకు కొద్ది నిమిషాలు చాలు. శిక్షణ ఉంటే నర్సులే చేస్తారు. పక్కనే మంగళగిరి ఎయిమ్స్ ఉంది, ఆ శిక్షణ అక్కడ ఇప్పించండి. పరీక్ష కానిదే స్ట్రోక్ రోగి నోట్లో చుక్క నీరు, మాత్ర కూడా వెయ్యకూడదని ఆదేశమివ్వండి. విజయవాడ, గుంటూరు సర్వజన ఆస్పత్రుల స్ట్రోక్ వార్డుల్లో మింగుడు చికిత్స కోసమే థెరపిస్టు ఉండేలా చూడండి. డిశ్చార్జి తర్వాతి సిట్టింగులకూ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ వర్తింపజెయ్యండి. గొట్టంతో ఇంటికి పంపే ప్రతి రోగి చీటీ మీద మళ్ళీ మింగుడు పరీక్షకు రావాల్సిన తేదీ రాయించండి.

ఇట్లు,
ఒక స్ట్రోక్ పేషెంటు కూతురు,
సత్యనారాయణపురం, విజయవాడ