తుప్పు రేకును పాత ఇనుముకు వేయకండి

సంపాదకులకు నమస్కారం.

పాత స్పోర్ట్స్ కారును బాగు చేయించాలనుకోగానే చాలామంది యజమానులు కుళ్లిన రేకును కోయించి పాత సామాన్లవాడికి వేసేస్తారు. అనంతపురం చుట్టుపక్కల ఇలాంటి బండ్లు ఉన్నవారికి మా విన్నపం ఒకటే: ఆ పని చేయకండి. ఎంత తుప్పు పట్టినా కొత్త రేకుకు ఆ ముక్కే నమూనా. దాన్ని పారేయడమంటే విత్తనానికి దాచిన చెనక్కాయలు వేయించుకుని తినడమే.

ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ సంగతే చూడండి. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులో తయారైన బండి ఇది. దీని ఛాసిస్, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఛాసిస్ ఒకే వంశానివి. అందుకని హెరాల్డ్ సిల్ (తలుపు కింద పొడవునా ఉండే రేకు భాగం) దీనికి సరిపోతుందనుకుంటారు. సరిపోదు. హెరాల్డ్‌లో ఛాసిస్‌కు పక్క పట్టీలుంటాయి, సిల్ బోల్టులతో బిగించే రేకు మాత్రమే. స్పిట్‌ఫైర్‌కు ఆ పట్టీలు లేవు. తలుపు కింది సిల్లే బరువు మోస్తుంది. లోపలి రేకు, మధ్యలో బలానికి ఇంకొకటి, బయటి రేకు, ఇలా మూడు పొరలు. బయటి పొర మీద పుట్టీ మెత్తి రంగు కొడితే కంటికి బాగానే ఉంటుంది గానీ బండి నడుము కుంగుతూనే ఉంటుంది.

సిల్ కోసే ముందు తలుపు ఖాళీలో ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి 25 మి.మీ. చదరపు గొట్టం అడ్డంగా వెల్డ్ చేయాలి. బాడీని ఛాసిస్ మీద నుంచి దించకూడదు. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టాలి. ఇది మరిస్తే స్తంభాలు పైభాగంలో దగ్గరకొచ్చి, కొత్త సిల్ అతికాక తలుపు పడదు. అందుకే టాకాలు (అక్కడక్కడా చుక్కగా పెట్టే తాత్కాలిక వెల్డులు) వేసిన దశలోనే తలుపు తగిలించి సందులు చూసుకోవాలి.

విదేశాల నుంచి తెప్పించేవారు ఉత్త 'స్పిట్‌ఫైర్ బానెట్' (మడ్‌గార్డులతో కలిసి ఒకటిగా లేచే ఇంజన్ మూత) అని అడిగితే చాలదు. మూడో తరం మోడల్ మార్క్ 3 దాకా మడ్‌గార్డుల పైన అతుకు గీత పైకి కనిపిస్తుంది, మార్క్ 4లో నున్నగా ఉంటుంది. మార్క్ 3లో బంపర్ పైకి జరిగింది కాబట్టి ముందు ముఖమూ వేరే. కమిషన్ నంబరు (కంపెనీ ఆ బండికి వేసిన సంఖ్య) పలక ఫొటో పంపి ఆర్డరివ్వండి. విమాన కొరియర్‌లో వచ్చే పెట్టెకు సాధారణంగా కొలతల్ని బట్టి కూడా బరువు కడతారు: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 5000తో భాగిస్తారు. 150, 140, 50 సెం.మీ. పెట్టెంటే 210 కిలోల ఛార్జీ. మా సలహా, సిల్ ముక్కలు తెప్పించుకోండి, బానెట్ ఇక్కడే బాగు చేయించండి.

ఇక్కడ చేయించేటప్పుడు లారీ బాడీలకు వాడే మందపాటి రేకు వద్దు, వంపు తిరగదు. జింక్ పూత ఉన్న జీఐ షీటూ వద్దు, వెల్డింగులో జింక్ ఆవిరై అతుకులో బుడగలు పడతాయి, ఆ పొగ మిస్త్రీ ఆరోగ్యానికీ చెరుపు. పైరేకుకు 20 గేజ్ సీఆర్ షీట్ (పూత లేని కోల్డ్ రోల్డ్ ఉక్కు రేకు), బరువు మోసే చోట ఇంకాస్త మందమైన 18 గేజ్ వాడాలి. పాత ముక్క మీద ప్రతి 100 మి.మీ.కు ఒక అట్ట కత్తిరించి వంపు ఎత్తుకోవాలి. ఒక పక్క ముక్క పూర్తిగా పోయి ఉంటే రెండో పక్క అట్టల్ని తిరగేసి వాడాలి. మడతకు 12 మి.మీ. అదనంగా వదలాలి. గుంత తొలిచిన చింత మొద్దు మీద చెక్క సుత్తితో లోతు తెచ్చి, తర్వాత వెనక డాలీ (చేత్తో పట్టుకునే ఇనుప దిమ్మ) పెట్టి నునుపు చేయాలి. మిగ్ వెల్డింగు యంత్రంతో 25 మి.మీ.కొక చుక్క పెట్టి, చల్లారాక మధ్యలో ఇంకొకటి పెట్టాలి. తొందరపడి ఒకే వరసలో లాగితే రేకు ఉబ్బుతుంది. ఆ ఉబ్బును పుట్టీతో కప్పడం మొదలుపెడితే ఇక అంతుండదు. పుట్టీ 2 మి.మీ. దాటితే మన ఎండలకు పగులుతుంది.

ఫైబర్ బానెట్ వాడుకోవచ్చు, ఫైబర్ సిల్ మాత్రం ఎప్పటికీ కాదు.

ఇంకో సంగతి. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే వింటేజ్ రిజిస్ట్రేషన్. అంటే ఆకారం తప్పితే కాగితాల దగ్గరా చిక్కే.

ఐటీఐలలో షీట్ మెటల్ వర్కర్ ట్రేడ్ ఉంది. అక్కడి ఉపాధ్యాయులు పిల్లలతో మడ్‌గార్డు వంపు ఒక్కటైనా చేత్తో కొట్టించాలని కోరుతున్నాం. అట్టలు ఎత్తుకున్నాక మిగిలే పాత ముక్కల్ని నమూనాలుగా మా షెడ్ల నుంచి మేమే ఇస్తాం.

– పాత కార్ల బాడీ మిస్త్రీలు, అనంతపురం