200 నుంచి 500కి: సహస్రకు ఉత్తరం

చి. సహస్రకు,

నాన్న ఆశీస్సులు.

ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ కె-1 200 (ఒక్కరే తెడ్డు వేసే కయాక్ పడవలో 200 మీటర్ల పందెం) తీసేశారు కదా, ఇన్నాళ్ళూ నేర్చుకున్నది ఏ గంగలో కలపాలి అని ఫోన్లో అడిగావు. ఫోన్లో చెబితే సగం మాటలు గాలికి పోతాయి, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

అక్కడ న్యూజిలాండ్‌లో నువ్వు రోజూ పడవ దించే పుపుకే చెరువులోనే సాధన చేసిన ఆ దేశపు కయాకర్ లీసా కారింగ్టన్ దారి చూడు. ఓహోపే తీరంలో సముద్రపు అలల మీద మొదలుపెట్టిన పిల్ల 2011లో సెగెడ్‌లో 200 మీటర్ల ప్రపంచ విజేత అయింది. ఆ పోటీ మహిళలకు ఒలింపిక్స్‌లో ఉన్నది మూడంటే మూడుసార్లు: లండన్, రియో, టోక్యో. మూడు స్వర్ణాలూ ఆమెవే. ఆ తర్వాత 200 పోయింది. 2024 పారిస్‌లో మహిళల కయాక్‌లో మిగిలినవి కె-1, కె-2 (ఇద్దరి పడవ), కె-4 (నలుగురి పడవ), అన్నీ 500 మీటర్లే. ఆగస్టు 8, 9, 10 తేదీల్లో వరసగా మూడూ గెలిచింది. అప్పటికి ఆమెకు 35 ఏళ్ళు.

అందరూ ఈ పతకాలే చెప్తారు. నువ్వు గమనించాల్సింది మధ్యలో ఉన్న రియో. 2016లో 200లో స్వర్ణం తెచ్చుకున్న మనిషే కె-1 500లో మూడో స్థానంలో వచ్చింది. ఆ పోటీ హంగరీకి చెందిన డనుటా కోజాక్‌ది. ఆ ఒలింపిక్స్‌లో కె-1, కె-2, కె-4 మూడూ ఆవిడే గెలిచింది. కారింగ్టన్ అప్పటికే 2015లో మిలాన్‌లో 500 ప్రపంచ టైటిల్ కొట్టింది. అంటే 200లో ఎదురులేని రోజుల్లోనే 500 మీద పని మొదలైంది. 200 తీసేశాక నేర్చుకోవడానికి కూర్చుని ఉంటే పారిస్ ఫలితం వచ్చేది కాదు. నీకు ఇప్పుడు పందొమ్మిది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 200 ఇంకా ఉంది, దాన్ని వదలమని నేననను. దానితో సంపాదించిన వేగాన్ని 500లో ఎలా ఖర్చుపెట్టాలో నేర్చుకోమంటున్నాను.

లెక్క చూద్దాం. టోక్యోలో ఆమె 200 ఫైనల్ 38.120 సెకన్లు, రెండు రోజుల తర్వాత 500 ఫైనల్ 1:51.216. మొదటిది సెకనుకు 5.25 మీటర్లు, రెండోది 4.5. నీటిలో వేగం 10 శాతం పెంచాలంటే శక్తి దాదాపు 33 శాతం ఎక్కువ పెట్టాలి. అందుకే నువ్వు మొన్నటి పోటీలో మొదటి 150 మీటర్లు 200లా లాగి, 300 దగ్గర చేతులు బిగుసుకుపోయాయన్నావు. అది ధైర్యం లేక కాదు. 200లో ఊపిరితో వచ్చే శక్తి వాటా తక్కువ, 500లో సగానికి మించి అదే నడిపిస్తుంది. నీ ముందుభాగం బాగుంది, దాన్ని చెడగొట్టుకోకు. మొదటి 12, 15 స్ట్రోకులు ఎంత రేటులోనైనా (నిమిషానికి ఎన్ని స్ట్రోకులైనా) వెయ్యి. 80 మీటర్లు దాటేలోపు రేటు దించు, పడవ వేగం మాత్రం దిగకూడదు. ఒక్కో స్ట్రోకు పొడవు పెరిగితేనే అది కుదురుతుంది. చాలామంది రేటుతో పాటు ఒత్తిడి కూడా వదిలేస్తారు, అక్కడ పడవ ముక్కు బరువెక్కి కూర్చుంటుంది, దాన్ని మళ్ళీ లేపడానికి 50 మీటర్లు పడుతుంది.

నిమిషానికి 112 స్ట్రోకులతో 1:55లో 500 పోతే మొత్తం సుమారు 215 స్ట్రోకులు. ఒక్కో స్ట్రోకుకు 2.33 మీటర్లు. ఒక్కోదానిలో 3 సెంటీమీటర్లు జారిపోతే మొత్తం ఆరున్నర మీటర్లు. కె-1 పొడవే 520 సెంటీమీటర్లు! పోటీ గెలిచేదీ ఓడేదీ ఆ 3 సెంటీమీటర్ల దగ్గరే, కాబట్టి అవి ఎక్కడ జారతాయో చూడాలి.

ముఖ్యంగా పట్టు దగ్గర, అంటే బ్లేడు (తెడ్డు రెక్క) నీటిని అందుకునే క్షణంలో. కుడి బ్లేడు కాలివేళ్ళ సరసన నీటిలో పూర్తిగా మునిగాకే కుడి కాలు ఫుట్‌బోర్డును (పడవలో పాదాలు ఆనించే పలకను) తన్నాలి. సగం మునిగినప్పుడే లాగితే గాలి కూడా లోపలికి పోయి తెల్లటి బుడగలు కనిపిస్తాయి, ఆ బుడగలు చూస్తే చాలు నీ శక్తి ఎటు పోతోందో తెలిసిపోతుంది. తన్నిన కాలు వైపు తుంటి వెనక్కి తిరగాలి, ఎడమ కాలు పట్టీని లాగి పట్టుకోవాలి. మోచెయ్యి ముందే వంగితే వెన్ను పని చెయ్యాల్సిన చోట ముంజేయి పనిచేస్తుంది, 300 దగ్గర అదే ముందు చచ్చిపోతుంది. బ్లేడును తుంటి దగ్గర బయటికి తీసెయ్యి. తుంటి దాటి వెనక్కి లాగితే నీటిని పైకి ఎత్తుతున్నట్టే, పడవ వెనక భాగం కిందికి కుంగుతుంది. రెక్క ఆకారపు బ్లేడు పడవ నుంచి కాస్త బయటికి జరుగుతూ పోయేలా చేసిందే, దాన్ని పడవ పక్కనే నిటారుగా లాగాలని చూడకు.

సీటు, ఫుట్‌బోర్డు మధ్య దూరం మళ్ళీ చూసుకో. పాదాలు ఆనించినప్పుడు మోకాళ్ళు 120 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి. మరీ దగ్గరైతే తుంటి తిరగదు, మరీ దూరమైతే తన్నడానికి కాలే మిగలదు. తెడ్డు పొడవు ఒకేసారి మార్చకు. నీది సర్దుకునే షాఫ్టే కదా, ఒక్కో సెంటీమీటరు చొప్పున మార్చి, ఒక్కో మార్పు మీద వారం పాటు ఒకే పని చేసి చూడు. బ్లేడు పెద్దదైతే 200లో బాగా అనిపిస్తుంది, 500లో చివరి 150లో రేటు పడిపోతుంది. ఆ సంగతి 250 మీటర్లు ఆరుసార్లు వేసి, చివరిదాని రేటు మొదటిదానితో పోలిస్తే తేలిపోతుంది.

టైములు చూసి కుంగిపోకు, ఎగిరిపోకు. కారింగ్టన్ 200 లండన్‌లో 44.638, రియోలో 39.864, టోక్యోలో 38.120. ఆ తేడా అంతా ఆమె వేగమే అనుకుంటే పొరపాటు. ఎదురు గాలి, వెనక గాలి, నీటి ఉష్ణోగ్రత, లోతు అన్నీ మారతాయి. నీ పుస్తకంలో టైము పక్కన గాలి దిశ రాయి. రాయకపోతే ఆ అంకె దేనికీ పనికిరాదు. పక్క పడవతో తేడా రాసుకుంటే ఇంకా మంచిది.

ఇక జోడు పడవలు. నువ్వు కె-2 అంటే మొహం తిప్పుకుంటున్నావని మీ కోచ్ గారు చెప్పారు. అమ్మలూ, అక్కడే నీకు దారి ఉంది. ఒలింపిక్ కోటాలు మనిషివి కావు, దేశానివి. కె-4కి నలుగురిని తీసుకెళ్ళిన జట్టు అదే మనుషులను కె-2లో, కె-1లో కూడా దింపాలనుకుంటుంది. మీ న్యూజిలాండ్‌లోనే పోటీ ఎంత గట్టిదో తెలుసుగా, 2021లో కోపెన్‌హేగెన్‌లో కె-1 500 ప్రపంచ విజేత ఐమీ ఫిషర్ కూడా ఆ దేశం పిల్లే. అలాంటిచోట ఒక్క కె-1నే నమ్ముకుని కూర్చుంటే ఏళ్ళు గడిచిపోతాయి. టోక్యోలో న్యూజిలాండ్ కె-4 నాలుగో స్థానంలో ఆగిపోయింది, మూడేళ్ళకు పారిస్‌లో గెలిచింది. అందులో కారింగ్టన్, అలీషియా హాస్కిన్ పాతవాళ్ళు, ఒలీవియా బ్రెట్, తారా వాన్ కొత్తవాళ్ళు. ఆ కొత్తవాళ్ళిద్దరికీ స్వర్ణం తెచ్చింది జట్టు పడవే.

కె-2లో ముందు కూర్చున్నవాళ్ళ చేతిలో లయ, కాళ్ళ కింద చుక్కాని ఉంటాయి. వెనక కూర్చుంటే నీ చూపు ముందున్న తెడ్డు మీద కాదు, ముందున్న భుజం మీద ఉండాలి. బ్లేడు నీటిలో పడటం చూశాక కదిలితే అప్పటికే ఆలస్యం. భుజం తిరగడం మొదలవ్వగానే నువ్వు తిరిగితే రెండు బ్లేడులూ ఒకే చప్పుడు చేస్తాయి. రెండు చప్పుళ్ళు వినిపిస్తే వేగం పెంచకు, నిమిషానికి 60కి దించి, చప్పుడు ఒకటయ్యేదాకా అక్కడే ఉండండి.

శరీరం సంగతి నాన్నగా రాయడానికి మొహమాటం లేదు. బరువు తగ్గితే పడవ తేలిగ్గా పోతుందని తిండి తగ్గించే అమ్మాయిలు ఉంటారు. మూడు నెలలు నెలసరి ఆగిందంటే అది శిక్షణ బాగా జరుగుతోందనడానికి గుర్తు కానే కాదు. చాలాసార్లు తిండి చాలడం లేదని అర్థం. ఎముకలు బలహీనపడతాయి, తెడ్డు వేసేవాళ్ళకు పక్కటెముకలో సన్న పగుళ్ళు వస్తాయి. దగ్గినప్పుడు, లోతుగా ఊపిరి పీల్చినప్పుడు ఒకేచోట పొడిస్తే ఆ రోజు నీళ్ళలోకి దిగకు, డాక్టరుకు చూపించు. ఐరన్ పరీక్షలో హిమోగ్లోబిన్ ఒక్కటే కాదు, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) కూడా చూడమను. అమ్మ పంపిన నువ్వులుండలు, పప్పు పొడి ఊరికే డబ్బాలో ఉంచకు. పొద్దున సాధన అయిన అరగంటలోపు అన్నమో, గుడ్డో ఏదో ఒకటి కడుపులో పడాలి.

తొందర కూడా వద్దు. జర్మనీ బిర్గిట్ ఫిషర్ 1980 ఒలింపిక్స్‌లో 18 ఏళ్ళకు కె-1 500 గెలిచింది, 2004లో 42 ఏళ్ళకు కె-4లో స్వర్ణం తెచ్చింది. మధ్యలో ఇద్దరు పిల్లలను కన్నది, 1984లో ఆమె దేశం ఒలింపిక్స్‌ను బహిష్కరించడం వల్ల అవకాశమే పోయింది. అయినా ఎనిమిది స్వర్ణాలు. ఈ ఆటలో వేగం త్వరగా వస్తుంది, దమ్ము ఏళ్ళ మీద పేరుతుంది.

ఈ శీతాకాలం మీ కోచ్ గారితో మాట్లాడి ఇలా అడిగి చూడు. వారంలో రెండుసార్లు 500 మీటర్లు ఎనిమిది, నిమిషానికి 75 నుంచి 80 రేటుతో, మధ్యలో రెండు నిమిషాల విరామం. వేగం మరచిపోకుండా ఒక రోజు పడవలోనే పది సెకన్ల వేగపు పరుగులు పది, ఒక్కోదాని తర్వాత మూడు నిమిషాలు పూర్తి విశ్రాంతి. మూడు రోజులు జిమ్, అందులో బెంచ్ పుల్, పుల్-అప్స్ తప్పనిసరి. అలసిపోయి పట్టు చెదిరితే అక్కడితో ఆపెయ్యి, చెడ్డ స్ట్రోకు వందసార్లు వేస్తే అదే అలవాటవుతుంది.

పోటీకి వెళ్ళేముందు పడవ తూకం చూసుకో. కె-1 కనీసం 12 కిలోలు ఉండాలి, పోటీ అయ్యాక తూస్తారు, తక్కువైతే ఫలితం రద్దు. కొత్త సీటు బిగించాక నీ పడవ తూచలేదని చెప్పావు. తడి ఆరాక, లోపలి నీళ్ళు తుడిచి తూచు. చుక్కానికి నాచు చుట్టుకుందేమో స్టార్టుకు వెళ్ళేటప్పుడు ఒకసారి వెనక్కి తెడ్డు వేసి విదిలించు.

500 పందెంలో 250 నుంచి 350 మీటర్ల వరకు పక్కనుంచి తీసిన వీడియో పంపు, ముఖం కాదు, తుంటి, బ్లేడు కనిపించాలి. గాలి ఎటునుంచి ఉందో కూడా రాయి. ఆదివారం రాత్రి కూర్చుని చూస్తాను.

ఉంటాను తల్లీ,
మీ నాన్న