విక్టోరియా కాలపు ఇళ్లకు కాంక్రీటు పెంకులు వద్దు

సంపాదకులకు,

ఇంగ్లండ్‌లో విక్టోరియా రాణి కాలం (1837–1901) నాటి వరుస ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లకు, పైకప్పు కారడం మొదలవగానే వినిపించే సలహా ఒకటుంది: ‘పాత పలకలన్నీ పీకేసి కాంక్రీటు పెంకులు వేయించుకోండి, చవక’. ఆ మాట వినే ముందు కొన్ని లెక్కలు చూసుకోవాలి.

ఆ కప్పుల మీద ఎక్కువగా ఉండేది ఉత్తర వేల్స్ గనుల స్లేటు. మన మార్కాపురం పలకల జాతి రాయే. మంచి వేల్స్ పలక నూరేళ్లు దాటినా నిలుస్తుంది. దానికంటే ముందు పోయేది దాన్ని పట్టి ఉంచిన ఇనప మేకు. కాబట్టి జబ్బు పలకదా, మేకుదా అన్నది మొదట తేల్చుకోవాలి. పలకలు విరగకుండా, నిండుగా, అక్కడక్కడా జారిపోయి ఉంటే మేకులు తుప్పు పట్టాయన్నమాట. అంచులు పొరలుగా ఊడి, గీకితే పొడి రాలుతుంటే రాయే పాడైంది. కుండ కొనేటప్పుడు చూసినట్టే వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖంగుమంటే ఆ పలక మళ్లీ వాడుకోవచ్చు. మొద్దు చప్పుడొస్తే పగులున్నట్టే, పక్కన పెట్టేయాలి.

కాంక్రీటుతో అసలు చిక్కు బరువు. స్లేటు కప్పు చదరపు మీటరుకు సుమారు 30 కిలోలు, కాంక్రీటు పెంకులు 45–50 కిలోలు. 60 చదరపు మీటర్ల కప్పు మీద అదనంగా టన్ను బరువు పడుతుంది. స్లేటు కోసం లెక్కగట్టి వేసిన సన్నటి వాసాలు దాని కింద కుంగుతాయి, గోడల పైభాగం బయటికి నెట్టుకొస్తుంది. బరువు 15 శాతానికి మించి పెరిగితే వాసాలు, దూలాలు తట్టుకోగలవో లేదో లెక్క చూపించమని అక్కడి భవన నిబంధనలు అడిగేది ఇందుకే. పైగా మందపాటి పెంకు పక్కింటి స్లేటు కంటే ఎత్తుగా నిలుస్తుంది. రెండు కప్పులు కలిసే గీత దగ్గరే తర్వాత నీళ్లు దిగుతాయి.

ఇక పరిమాణాలు. 500×250 మిల్లీమీటర్ల పలక వేస్తే, పైవరుస పలక రెండు వరుసల కింది పలకను 100 మి.మీ. కప్పాలి. గాలివాన తక్కువున్న చోట 75 కూడా సరిపోవచ్చు. 500లో 100 తీసి సగం చేస్తే 200 మి.మీ.: పలకలు కొట్టే అడ్డ చెక్క బద్దెల మధ్య దూరం అదే. అంటే చదరపు మీటరుకు 20 పలకలు, 5 మీటర్ల బద్దె. 60 చదరపు మీటర్లకు 1200 పలకలు, కోతకూ విరిగేవాటికీ మరో పది శాతం. పలకకు రెండు మేకులు, అవి రాగివే కావాలి.

పాత పలకలు చాలకపోతే రంగు, మందం కలిసే పాత వేల్స్ స్లేటునే వెతకడం మేలు. దిగుమతి స్లేటు కొంటే పరీక్ష పత్రంలో టీ1 (వేడి-చలి మార్పులకు తట్టుకోవడం), ఎస్1 (గంధక వాయువుకు తట్టుకోవడం), డబ్ల్యూ1 (నీరు పీల్చడం) శ్రేణులు చూడండి. తక్కువ శ్రేణి రాయిలో గంధక ఇనుము తుప్పు పట్టి గోధుమరంగు చారలు దిగుతాయి. ఫైబర్ సిమెంటు పలకలు తేలికే గాని రంగు వెలుస్తాయి, అంత కాలం మన్నవు. పాత సిమెంటు పలకలైతే ఆస్బెస్టాస్ పరీక్ష చేయించకుండా ముట్టుకోకూడదు.

పొగగొట్టం చుట్టూ సీసం రేకు ఒక్కో ముక్క 1.5 మీటర్లు దాటితే ఎండకు సాగి చీలుతుంది. కొప్పు పెంకులు సున్నం మీదే నిలవవు, స్క్రూలు కూడా ఉండాలి. చలి ఆపడానికని వాసాల కింద గట్టిపడే నురుగు (స్ప్రే ఫోమ్) చల్లించడం మాత్రం అసలొద్దు: పలకలకు అతుక్కుపోయి కుళ్లును దాస్తుంది, ఆ ఇంటి మీద అప్పివ్వడానికి చాలా బ్యాంకులు వెనకాడతాయి. అటక మీద చలి ఆపే ఉన్ని 270 మి.మీ. మందాన పరిచినా, చూరు వెంబడి గాలి సందు మూసేయకండి. మూస్తే చలికాలంలో చెమ్మ వాసాలకు పట్టి బూజు వస్తుంది.

సంరక్షిత జాబితాలో ఉన్న ఇంటికి అనుమతి లేకుండా పదార్థం మారిస్తే అది నేరం. సంరక్షిత ప్రాంతంలోనైనా ముందు కౌన్సిల్‌ను అడగాలి. కప్పులో సగానికి మించి మారిస్తే భవన నియంత్రణ శాఖకు తెలపాలి. గబ్బిలాలుంటే సర్వే అయ్యేదాకా పని మొదలుపెట్టకూడదు.

కొటేషన్‌లో పలక పేరు, పరిమాణం, మేకు లోహం, సీసం మందం రాయించుకోండి. దించిన పలకలు ఇంటివారివేనన్న మాట కూడా రాయించుకోండి. లేదంటే అవి పాత సామాను యార్డుకు చేరి, మీకే తిరిగి అమ్ముతారు.

— ఒక నిర్మాణ ఇంజనీరు, లెస్టర్