చిన్నీ, అమ్మ రెప్పల ఆపరేషన్ సంగతి

చిన్నీ,

ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకూ మాట రాలేదు, అందుకే రాస్తున్నాను. నీ పరీక్షలు అయ్యేదాకా చెప్పొద్దని నేనే అన్నాను, నాన్నని ఏమీ అనకు.

రెండేళ్లుగా థైరాయిడ్ జబ్బు వల్ల నా పైరెప్పలు పైకి లాక్కుపోయి ఉండటం నువ్వు చూసిందే కదా. మామూలుగా రెప్ప నల్లగుడ్డు పై అంచుని ఒకటి రెండు మిల్లీమీటర్లు కప్పి ఉండాలట, నాకేమో గుడ్డు పైన తెల్లగా కనిపించేది, కోపంగా చూస్తున్నానని వీధిలో పిల్లలు దగ్గరికి వచ్చేవారు కాదు. అదైనా ఓర్చుకున్నాను గానీ, రాత్రిళ్లు రెప్పలు కలవక ప్లాస్టర్ అంటించుకుని పడుకున్నా తెల్లారేసరికి కంట్లో ఇసుక పోసినట్టుండేది. రథసప్తమికి అరసవల్లి క్యూలో గాలికి కళ్లు ధారగా కారిపోతుంటే, ఎవరో ముసలావిడ ఏం కష్టమొచ్చిందమ్మా అని నా చెయ్యి పట్టుకుంది.

ఈ వయసులో అందానికి కోతలెందుకని మీ మేనత్త అంది. చాలా బాధేసింది. రెప్ప మూసుకోకపోతే నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది, చూపే పోవచ్చు.

ఇన్నాళ్లు ఎందుకు ఆగారని అడిగావు. థైరాయిడ్ అదుపులోకి వచ్చి, కంటి వాపు తగ్గి, కనీసం ఆరు నెలలు కొలతలు మారకుండా ఉంటే గానీ రెప్ప జోలికి వెళ్లరు, తొందరపడితే జబ్బుతో పాటు రెప్ప మళ్లీ కదిలిపోతుంది. పొగ తగిలితే ఇది ముదురుతుందని డాక్టర్ చెప్పిన రోజు నుంచి నాన్న సిగరెట్ ముట్టలేదు.

వైజాగ్‌లో చేశారు. మత్తు రెప్ప వరకే. రెప్పని ఎత్తే పెద్ద కండరాన్ని వెనక్కి జరిపి వదులు చేశారు, దాని కింద ముల్లర్ కండరమని పల్చటిది ఉంటుందట, అది కొంత తీసేశారు. మధ్యలో నన్ను లేపి కూర్చోబెట్టి, తిన్నగా చూడమ్మా అని స్కేలు పెట్టి కొలిచి, మళ్లీ పడుకోబెట్టారు, అలా మూడుసార్లు. భయపడలేదని చెప్పను, నర్సమ్మ చెయ్యి వదల్లేదు. ఎడమ రెప్ప చివర ఇంకా కాస్త ఎత్తుగానే ఉంది, ఆపరేషన్ వాపు తగ్గాక చూసి అవసరమైతే సరిచేస్తామన్నారు.

ఈ జబ్బు కుటుంబాల్లో నడుస్తుందట. నీకూ గుండె దడ, బరువు తగ్గడం అన్నావు, ఈ వారమే టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకుని కాగితం ఫోటో పంపు.

నిన్న ప్లాస్టర్ లేకుండా పడుకున్నాను. అర్ధరాత్రి నాన్న లేచి బెడ్‌లైటు వెలుగులో వంగి చూశారట. కుడి రెప్పలు పూర్తిగా కలిశాయట, ఎడమ కంటికి సన్నటి గీత మిగిలిందట.

అమ్మ