మోడల్-టీ ముందు దీపాల గురించి రఘుకి

ఒరేయ్ రఘూ,

నీ ఉత్తరం చదివాను. నల్లరంగు రేకు డొప్పలు, ఇత్తడి అంచులు, వెనక ఒక చిన్న స్క్రూ అని రాశావు. అవి 1915–16 నాటి ఫోర్డ్ మోడల్-టీ దీపాలే అయ్యుంటాయి. 1914 దాకా ఆ బండికి కార్బైడ్ గ్యాసు దీపాలే ఉండేవి, 1915లో కరెంటు దీపాలు పెట్టారు. పక్క దీపాలు, వెనక దీపం మాత్రం అప్పటికీ కిరోసిన్‌వే. ఆ జతని బాగుచేసే ముందు అవి ఎందుకలా తయారయ్యాయో తెలుసుకో. లేకపోతే బల్బులు మారుస్తూనే ఉంటావు.

ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకో. కారులో బల్బు వెలిగించడం పెద్ద పని కాదు. ఆ వెలిగే తీగని దీపం లోపలి అద్దం నాభి (ఫోకస్) దగ్గర కదలకుండా నిలబెట్టడం, దానికి ఎప్పుడూ ఒకే వోల్టేజీ అందించడం, ఈ రెండే కష్టం. తొలి పదిహేనేళ్ల చరిత్రంతా ఈ రెండింటి చుట్టూనే నడిచింది.

1898లోనే అమెరికాలో హార్ట్‌ఫర్డ్ ఊళ్లోని కంపెనీవాళ్లు తమ కొలంబియా బ్యాటరీ కారుకి కరెంటు దీపాలు ఇచ్చారు. అయినా తర్వాత పదేళ్లకు పైగా జనం కార్బైడ్‌నే నమ్ముకున్నారు. మనవాళ్లు కాయలు మగ్గబెట్టే ఆ కార్బైడే, దాని మీద నీళ్లు బొట్లుబొట్లుగా పడితే అసిటిలిన్ గ్యాసు వస్తుంది. విమానంలో ఇంగ్లిష్ చానెల్ దాటిన లూయీ బ్లేరియో ఉన్నాడే, ఆయన విమానాలకి పెట్టిన డబ్బు చాలావరకు ఈ అసిటిలిన్ కారు దీపాలు అమ్మి సంపాదించిందే.

కరెంటు దీపం వెనకబడటానికి మొదటి కారణం ఫిలమెంట్, అంటే ఆ వెలిగే తీగ. వెలుతురుని అప్పట్లో క్యాండిల్‌పవర్‌లో కొలిచేవారు. కార్బన్ తీగ ఒక్క క్యాండిల్‌పవర్‌కి 3 వాట్లకు పైనే తాగేది. 21 క్యాండిల్‌పవర్ బల్బు అంటే సుమారు 65 వాట్లు, 6 వోల్టుల మీద 11 ఆంపియర్లు. రెండు దీపాలకి 22. అంటే 80 ఆంపియర్-అవర్ బ్యాటరీ నాలుగు గంటలైనా ఆగదు. పైగా గతుకుల రోడ్డు మీద ఆ తీగ ఇట్టే తెగిపోయేది.

1904లో యుస్ట్, హానమన్ అనే ఇద్దరు టంగ్‌స్టన్ తీగకి పేటెంటు తీసుకున్నారు. టంగ్‌స్టన్ పొడిని జిగురుతో కలిపి సన్నని రంధ్రంలోంచి తోసి, కాల్చి గట్టిపరిచేవారు. కరెంటు బాగా ఆదా అయింది గానీ చల్లగా ఉన్నప్పుడు ఆ తీగ పెళుసు, కారుకి అస్సలు పనికిరాదు. 1910 నాటికి జనరల్ ఎలక్ట్రిక్‌లో విలియం కూలిడ్జ్ టంగ్‌స్టన్ కడ్డీని వేడి మీద సాగగొట్టి వంగే తీగగా లాగాడు. 1913లో అక్కడే లాంగ్‌మ్యూర్ ఆ తీగని స్ప్రింగులా చుట్టి, బల్బులో గాలి తీసేసి ఖాళీగా వదలకుండా జడవాయువు నింపాడు. ఇళ్లలో వాళ్లకి దీనివల్ల కరెంటు ఆదా అయితే చాలు. కారు దీపం చేసేవాడికి మాత్రం అంతకంటే విలువైనది ఇంకొకటి దొరికింది. పొడుగ్గా సాగిన తీగ చుట్టుకుని కొన్ని మిల్లీమీటర్ల ముక్కయింది. అద్దానికి కావలసింది అదే. 6 వోల్టుల 21 క్యాండిల్‌పవర్ బల్బు చివరికి 2.63 ఆంపియర్లకి దిగింది.

ఇక అద్దం, అంటే రిఫ్లెక్టర్. కాస్త లెక్క చెప్తాను, స్కేలు పెట్టి నీ దానితో సరిచూసుకో. అది పరావలయం. అంచు నుంచి అంచుకి వ్యాసం కొలువు, లోపలికి లోతు కొలువు. వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, లోతుకి 16 రెట్లతో భాగిస్తే నాభి దూరం వస్తుంది. 8 అంగుళాల వ్యాసం, 4 అంగుళాల లోతు అనుకో. 64ని 64తో భాగిస్తే 1. అంటే తీగ అద్దం అడుగు నుంచి సరిగ్గా ఒక అంగుళం ముందు ఉండాలి. ఇంత లోతైన అద్దం బల్బు వెలుతురులో నూటికి 80 వంతులు పట్టి ముందుకు తోస్తుంది. అదే వ్యాసంతో లోతు 2 అంగుళాలే ఉంటే నాభి 2 అంగుళాలకు జరుగుతుంది, అద్దానికి అందేది సగమే. మరి అందరూ లోతుగానే ఎందుకు చెయ్యలేదంటావు? నాభి దగ్గరయ్యేకొద్దీ తీగలో చిన్న తప్పు కూడా దూరాన పెద్దదై కనిపిస్తుంది కాబట్టి. ఒక అంగుళం నాభి ఉన్న అద్దంలో తీగ ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే కాంతి రెండుంపావు డిగ్రీలు తిరుగుతుంది. 25 మీటర్ల దూరాన అది దాదాపు ఒక మీటరు! తీగ నాభికి పైన ఉంటే కాంతి కిందికి పడుతుంది, కింద ఉంటే ఎదుటివాడి కళ్లలోకి లేస్తుంది. హోల్డర్‌లో బల్బు కొంచెం ఊగినా దీపం పనికిరాకపోవడానికి కారణం ఇదే. బల్బు వేసి వేలితో కదిపి చూడు, లోపల స్ప్రింగు మెత్తబడితే ముందు దాన్ని మార్చు.

రిఫ్లెక్టర్ మామూలుగా ఇత్తడి రేకుతోనే చేసేవారు. లేతు మీద తిరిగే అచ్చుకి రేకుని ఆనించి, గుండ్రటి కొన ఉన్న పనిముట్టుతో నొక్కుతూ ఆకారం తెచ్చి, పాలిష్ పెట్టి వెండిపూత వేసేవారు. కొత్త వెండి తన మీద పడ్డ కాంతిలో నూటికి 90కి పైనే తిప్పి పంపుతుంది, నికెల్ 60 ప్రాంతమే. అందుకని ఎవరైనా క్రోమ్ పూతో నికెలో వేసిస్తాం, మెరుస్తుంది అంటే ఒప్పుకోకు. కంటికి మెరుపు కనిపిస్తుంది, రోడ్డు మీద వెలుతురు తగ్గుతుంది.

వెండికి శత్రువు గంధకం. అద్దానికి, రేకు అంచుకి మధ్య రబ్బరు వాషర్ వేస్తే ఆ రబ్బరులోని గంధకమే నెమ్మదిగా వెండిని నల్లబరుస్తుంది. కార్క్ గానీ నమదా (నొక్కిన ఉన్ని) గానీ వెయ్యి. పూత నల్లబడితే ముందు స్పిరిట్‌తో తడిపి జిడ్డు తీసెయ్. తర్వాత మెత్తటి షామీ తోలు మీద కంసాలులు వాడే ఎర్రపొడి కాస్త అద్ది, బల్బు కన్నం దగ్గర్నుంచి అంచు వైపు నిలువుగా లాగు. గుండ్రంగా రుద్దకు. బజార్లో దొరికే ఇత్తడి పాలిష్ అసలు ముట్టుకోకు, ఆ పూత చాలా పలచన, రెండుసార్లు రుద్దితే కింద ఇత్తడి బయటపడుతుంది. ఇప్పటికే పసుపు మరకలు కనిపిస్తుంటే మళ్లీ వెండిపూత వేయించడమే దారి.

ఇప్పుడు కరెంటు. ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదువు. నీ జత నాటి బండిలో దీపాలకి బ్యాటరీ లేదు. ఫ్లైవీల్‌కి 16 అయస్కాంతాలు, వాటికెదురుగా కదలని చట్రం మీద 16 కాయిల్స్. ఇంజను తిరిగితే ఏసీ కరెంటు వస్తుంది, ఒక్క చుట్టుకి 8 సైకిల్స్. ఇది ఇగ్నిషన్ (ఇంజనులో పెట్రోలుని అంటించే నిప్పురవ్వ) కోసం పెట్టిన మ్యాగ్నెటో. దానికే దీపాలు తగిలించారు. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు సుమారు 6–8 వోల్టులు, జోరందుకుంటే 25 పైకి. 9 వోల్టుల బల్బులు రెండు సిరీస్‌లో, ఒకదాని వెనక ఒకటిగా కలిపారు, అంటే జతకి 18 వోల్టులు. 7 వోల్టుల దగ్గర ఆ జత ఇచ్చేది పూర్తి వెలుతురులో నూటికి నాలుగైదు వంతులే. అందుకే చీకట్లో మలుపు దగ్గర దారి కనపడాలంటే డ్రైవర్లు లో గేరు వేసి ఇంజనుని రేజ్ చేసేవారు. జోరు మరీ పెరిగితే బల్బు ఎగిరిపోవాలి, కానీ ప్రతిసారీ పోదు. ఎందుకంటే వేగంతోపాటు ఫ్రీక్వెన్సీ కూడా పెరిగి కాయిల్సే కరెంటుకి అడ్డుపడతాయి. ఆ అడ్డు లేకపోతే ఈ ఏర్పాటు ఒక్క రాత్రి కూడా నడిచేది కాదు. ఒక బల్బు పోతే మాత్రం సిరీస్ కాబట్టి రెండోదీ ఆరిపోతుంది, రోడ్డు మీద పూర్తి చీకటి. బండి పక్కల కిరోసిన్ దీపాలు వదిలేయకుండా ఉంచడం ఎంత తెలివైన పనో చూడు.

నీ బల్బులు ఊరికే పోతున్నాయన్నావు. హోల్డర్ అడుగున బల్బుకి కరెంటు తగిలించే లోహపు చుక్కలు ఎన్నున్నాయో చూడు. రెండుంటే తీగ రెండు కొసలూ బల్బు టోపీకి తగలకుండా విడిగా ఉంటాయి. ఒక్కటే ఉంటే టోపీయే రెండో కొస, అది బాడీకి ఎర్త్ అయిపోతుంది. సిరీస్‌లో మొదటి దీపానికి ఒక్క చుక్క హోల్డరు, బల్బు ఎవరైనా మార్చి ఉంటే కరెంటు అక్కడే బాడీలోకి దిగిపోతుంది. రెండోది వెలగదు, మొదటిది 18 వోల్టులూ ఒక్కటే మింగి మాడిపోతుంది. నువ్వు రాసిన లక్షణం సరిగ్గా ఇదే.

బ్యాటరీ పెట్టొచ్చా అని అడిగావు. పెట్టొచ్చు, కానీ బ్యాటరీ వైరు ఏ పరిస్థితిలోనూ మ్యాగ్నెటో టెర్మినల్‌కి తగలకూడదు. ఒక్కసారి తగిలితే ఆ కాయిల్స్‌లోంచి డీసీ పోయి ఫ్లైవీల్ అయస్కాంతాల బలం పోతుంది. తర్వాత దీపాలే కాదు, మ్యాగ్నెటో మీద ఇంజను స్టార్ట్ కావడమే కష్టం. పాత వైరుని మ్యాగ్నెటో దగ్గర విప్పేసి కొస మీద టేపు చుట్టు, దీపాల స్విచ్చుకి విడిగా కొత్త వైరు లాగు.

వేగంతోపాటు వోల్టేజీ మారిపోయే ఈ సమస్యకి ఖరీదైన బండ్లవాళ్లు వేరే దారి పట్టారు. 1912 మోడల్ క్యాడిలాక్‌లో చార్లెస్ కెటరింగ్ కంపెనీ డెల్కో వాళ్ల ఏర్పాటు వచ్చింది, స్టార్టరు, ఇగ్నిషన్, దీపాలు అన్నీ ఒకే కరెంటు మీద. 1913లో బాష్ వాళ్లు డైనమో, రెగ్యులేటరు, బ్యాటరీ, దీపాలు ఒక సెట్టుగా అమ్మారు. డైనమో వోల్టేజీ వేగంతో పెరుగుతుంది కాబట్టి దాన్ని పట్టుకోవడానికి చాలామంది మూడో బ్రష్ వాడారు. డైనమోలో అయస్కాంతంగా పనిచేసే కదలని చుట్ట ఫీల్డ్ కాయిల్, దానికి కరెంటు ఆ మూడో బ్రష్ నుంచి వెళుతుంది. వేగం పెరిగితే ఆర్మేచర్ (లోపల తిరిగే చుట్ట) సొంత అయస్కాంతత్వం వల్ల ఆ బ్రష్ దగ్గర వోల్టేజీ తగ్గి, ఉత్పత్తి దానంతటదే దిగుతుంది. బ్రష్‌ని ఆర్మేచర్ తిరిగే వైపు జరిపితే చార్జింగు పెరుగుతుంది, ఎదురు జరిపితే తగ్గుతుంది. ఈ పద్ధతి అదుపు చేసేది కరెంటుని, వోల్టేజీని కాదు. బ్యాటరీ కొస వదులైతే వోల్టేజీ ఒక్కసారిగా లేచి బల్బులన్నీ ఒకేసారి పోతాయి. డైనమోకి, బ్యాటరీకి మధ్య కట్‌అవుట్ అనే, దానంతటదే పనిచేసే స్విచ్చు ఉంటుంది. ఇంజను ఆగితే అది విడిపోవాలి, దాని పాయింట్లు అంటుకుపోతే బ్యాటరీ డైనమోలోకి ఖాళీ అవుతుంది. ఫోర్డ్ 1919లో 6 వోల్టుల బ్యాటరీ, స్టార్టరుకి వచ్చింది.

వైరు విషయంలో పిసినారితనం వద్దు. 6 వోల్టుల బల్బులు రెండూ పారలల్‌లో పెడితే 5.3 ఆంపియర్లు. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు 4 మీటర్లు లాగితే అందులోనే 0.37 వోల్టు పోతుంది. అంతేనా అనిపిస్తుంది, కానీ వెలుతురు వోల్టేజీతో సుమారు 3.4 ఘాతంలో పడిపోతుంది కాబట్టి అయిదో వంతు వెలుతురు పోయినట్టే. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం నూటికి 8కి దిగుతుంది. అటువైపు వోల్టేజీ 5 శాతం ఎక్కువైతే బల్బు ఆయుష్షు సగమవుతుంది. ఎర్త్‌ని దీపాన్ని నిలబెట్టే కాడకి వదిలెయ్యకు, అక్కడ పెయింటు, తుప్పు అడ్డుపడతాయి. ప్రతి డొప్పలోంచి ఒక వైరు ఛాసిస్‌కి గీకి బిగించు.

కళ్లలో కొట్టే వెలుతురు గొడవ కూడా అప్పుడే మొదలైంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు 75 అడుగుల దూరాన ఆ మెరుపు నేలకి 42 అంగుళాల కంటే పైకి లేవకూడదన్నాయి. కొందరు ఒక స్విచ్చుతో రెండు దీపాల్నీ పారలల్ నుంచి సిరీస్‌కి మార్చేవారు. సగం వోల్టేజీకి వెలుతురు పదో వంతే మిగిలేది, ఎదుటివాడికి సుఖం, నడిపేవాడికి గుడ్డితనం. 1917 క్యాడిలాక్‌లో లోపలి లివరుతో కాంతిని కిందికి వంచారు. 1924లో ఓస్రామ్ బైలక్స్ బల్బులో రెండు తీగలు వచ్చాయి. ఒక తీగ నాభికి కాస్త ముందు, దాని కింద చిన్న రేకు గిన్నె. అద్దం పైసగం మాత్రమే వెలిగి కాంతంతా కిందికి దిగుతుంది. ఆలోచన ఎంత శుభ్రంగా ఉందో చూడు!

నీ జతకి ఫోకస్ ఇలా పెట్టు. బండిని చదును నేల మీద, గోడకి 25 అడుగుల దూరాన నిలుపు. ముందు గాజు తీసెయ్, గీతల గాజు ఉంటే ఏదీ సరిగా తెలియదు. ఒక దీపం మీద గుడ్డ కప్పు. రెండోదాని వెనక స్క్రూ తిప్పుతూ గోడ మీద మచ్చ వీలైనంత చిన్నదిగా, నిండుగా అయ్యేదాకా తీసుకురా. నడుమ నల్లగా, చుట్టూ ఉంగరంలా వస్తే తీగ నాభి దగ్గర లేదు. ఎటు తప్పిందో తెలియాలంటే దీపం పైసగానికి అట్టముక్క అడ్డం పెట్టు. గోడ మీద మచ్చ కిందిసగం మాయమైతే తీగ మరీ ముందుకి ఉంది, పైసగం మాయమైతే వెనక్కి ఉంది. తేడా రెండు మూడు మిల్లీమీటర్లు దాటితేనే ఈ పరీక్షలో స్పష్టంగా కనిపిస్తుంది, ఆ లోపు తేడాకి మచ్చ సైజే చూసుకో. రెండు దీపాలకీ ఫోకస్ కుదిరాకే కాడ నట్టు వదులుచేసి ఎత్తు సర్దు. మచ్చ నడిమధ్య దీపం ఎత్తుకి రెండు మూడు అంగుళాలు కిందికి ఉండాలి. నట్టు బిగించేటప్పుడు డొప్ప తిరిగిపోతుంది, కాబట్టి బిగించాక మళ్లీ ఒకసారి గోడ మీద చూడు.

హోల్డర్ అడుగున చుక్కలు ఎన్నో, రిఫ్లెక్టర్ లోతెంతో కొలిచి రాయి. ఏ బల్బు తెప్పించాలో దాన్నిబట్టి చెప్తాను.

నీ,
మూర్తి